లాభం బస్తా

డానియేలు మాస్టారును ఈ ఇంటికి రప్పించింది నేను. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత ఎవరూ దాన్ని గుర్తుపెట్టుకోలేదు.

మాది మీర్ ఆలం మండి దగ్గర ఎండుమిర్చి హోల్‌సేల్ దుకాణం. కింద దుకాణం, వెనక గోదాం, పైన ఇల్లు. నాకు పెళ్ళయి పదకొండేళ్ళు. ఈ పదకొండేళ్ళలో దుకాణంలోకి అడుగుపెట్టింది ఏటా దీపావళి పూజకే. మిగతా రోజుల్లో కింది నుంచి నాకు అందేది మిర్చి ఘాటు, దాని వెంట తుమ్ములు. అందుకే గుమాస్తా నర్సింహ చూపు ఆనక పని మానేసి, మా మామగారు అమరనాథ్ "ఇగ కంప్యూటర్ పెడదాం" అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ కంప్యూటర్ ముందు కుర్చీలో నేను కూర్చోవాలి. అంతే, నాకింకేం వద్దు.

ఆరు నెలలు మామగారి వెంటపడ్డాను. ప్రోగ్రామింగ్ నేర్చుకుంటాను, మన దుకాణానికి కావలసింది నేనే రాస్తాను అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. ఆఖరికి ఆయన "సరే తీ" అన్నారు. దబీర్‌పురాలో ఇంటింటికీ వెళ్ళి పైథాన్ చెప్పే డానియేలును వెతికి పట్టుకున్నది నేను. ఫోన్ చేసింది నేను. వారానికి మూడు సాయంత్రాలని మాట్లాడుకున్నది నేను. తీరా మొదటి క్లాసు రోజు మామగారు మెట్ల కింద నుంచి ఒక్క కేక వేశారు.

"ఒక్కరికి చెప్పినా ఇద్దరికి చెప్పినా గదే మాస్టర్ గదా! స్రవ్యను గూడ కూసోబెట్టు బిడ్డా!"

స్రవ్య నా తోడికోడలు, మా మరిది భార్య. కాపురానికొచ్చి ఏడాది కూడా కాలేదు. సంతోష్‌నగర్ పిల్ల. వాళ్ళ నాన్నది టెలిఫోన్ ఆఫీసులో ఉద్యోగం. నెల జీతం, ఆదివారం సెలవు తప్ప బేరం అంటే ఏమిటో తెలియని ఇల్లు. వస్తూ వస్తూ తళతళలాడే కొత్త ల్యాప్‌టాప్ తెచ్చుకుంది. నాకున్నది మా ఆయన వాడి పడేసిన పాతది. దాని ఎంటర్ బటన్ గుద్దితే గానీ దిగదు.

సరే, కూర్చుంటే కూర్చుంది. పిల్ల రెండు రోజులకు విసుగెత్తి టీవీ ముందుకు పోతుందిలే అనుకున్నాను. పోలేదు. పైగా నాకన్నా ముందు పట్టుకోవడం మొదలుపెట్టింది. డానియేలు ఒక లూప్ చూపించి "ఇద్దరూ ట్రై చేయున్రి మేడమ్" అంటాడు. నేను కళ్ళజోడు సర్దుకుని మొదటి లైను కొట్టేసరికి అటునుంచి "అయింది సార్!" అని వినిపిస్తుంది. నేను ఏదైనా అడిగితే "అది నెక్స్ట్ క్లాస్ల చూద్దాం మేడమ్" అంటాడు. అదే ప్రశ్న ఆవిడ అడిగితే "అబ్బ, మంచి డౌట్ మేడమ్!" అంటాడు. ఒళ్ళు మండదా మరి? ఒకరోజు నేను రాసిన ప్రోగ్రాం అటూ ఇటూ చూసి, కప్పు కింద పెట్టి, "టీ మాత్రం మస్తుంది మేడమ్" అన్నాడు. ఆ తర్వాత వారం రోజులు వాడికి చక్కెర తక్కువ టీ పోశాను.

అసూయ అంటారా? అవును, అసూయే. దాచుకోవడం ఎందుకు? అన్నం తింటుంటే గుర్తొచ్చేది, బట్టలు ఆరేస్తుంటే గుర్తొచ్చేది. నా మాస్టారు, నా క్లాసు, నా కుర్చీ. మధ్యలో ఈ పిల్ల ఎవరు?

రెండో నెలలో డానియేలు లిస్టులు మొదలుపెట్టాడు. "కంప్యూటర్ నంబర్లు సున్నా నుంచి ఏస్తది మేడమ్. మొదటిదాని నంబర్ సున్నా, రెండోదాని నంబర్ ఒకటి. పది సామాన్లుంటే ఆఖరిదాని నంబర్ తొమ్మిది. యాద్ పెట్టుకోన్రి, మస్తు మంది గిక్కడనే పడ్తరు."

"పొద్దుపొద్దున సున్నాతోని మొదలుపెడ్తే దుకాణం నడిచినట్టే!" అన్నాను నేను. స్రవ్య పకపకా నవ్వింది. నేనేమీ నవ్వించడానికి అనలేదు.

మా దగ్గర లెక్క మొదలయ్యేది లాభంతో. లారీ నుంచి సరుకు దిగేటప్పుడు హమాలీ గుండయ్య బస్తాకొక కేక వేస్తాడు. మొదటి బస్తాకు ఒకటి అనడు, "లాభం" అంటాడు. ఆ తర్వాత రెండు, మూడు. ఇదేమీ మా ఒక్కరి అలవాటు కాదు. కానీ మా ఇంట్లో దాని మీద ఇంకో పద్ధతి ఉంది. ఆ లాభం బస్తాకు పసుపు బొట్టు పెట్టి గోదాం మూల నిలబెడతారు. తర్వాతి లారీ వచ్చేదాకా దాన్ని అమ్మరు. ఇది ఎక్కడా రాసి ఉండదు. పదకొండేళ్ళుగా అన్నం వడ్డిస్తూ మామగారి మాటలు విన్నాను గనుక నాకు తెలుసు.

మూడో నెల ఆఖర్న మామగారు మా ఇద్దరినీ పిలిచారు.

"శుక్రవారం లారీ వస్తున్నది. గుండయ్య కేకేస్తుంటే మీరు కొట్టున్రి. గా సరుకుల ఎన్ని బస్తాలు అమ్మొచ్చో మీ మిషన్లు చెప్పాలె. ఎవరిది నా లెక్కతోని కలుస్తదో, సోమవారం సంది ఆళ్ళే కింద కూసుంటరు."

గురువారం పొద్దున వంటింట్లో నేను పప్పు తాలింపు వేస్తున్నాను. స్రవ్య బెండకాయలు తరుగుతూ తరుగుతూ ఆగింది.

"అక్కా, ఒక మాట అడుగుత. గుండయ్య మొదటి బస్తాకు లాభం అంటడు గదా. దానికి పసుపు గూడ పెడ్తరు. అమ్మే లెక్కల దాన్ని కలపాల్నా, వద్దా?"

చూశారా ఎంత సూటిగా అడిగిందో! పది నెలల్లో ఆ పసుపు బొట్టు కూడా చూసేసింది. ఒక్క మాట చెబితే సరిపోయేది. వద్దు, దాన్ని అమ్మరు, అంతే. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ నాకు "మంచి డౌట్ మేడమ్!" అన్న డానియేలు గొంతే వినిపించింది.

"బస్తా బస్తానే గదనే. అన్నీ కలుపు. ఏం ఫికర్ జేయకు" అన్నాను. ఆవాలు మాడిపోయాయి. మళ్ళీ వేశాను.

శుక్రవారం పదకొండుకు లారీ వచ్చింది. దుకాణం అరుగు మీద రెండు స్టూళ్ళు వేశారు. తన శిష్యురాళ్ళ పరీక్ష చూడాలని డానియేలు కూడా వచ్చి నిలబడ్డాడు. గుండయ్య తలపాగా చుట్టుకుని మొదటి బస్తా వీపుకెత్తుకుని "లాభం!" అని అరిచాడు. స్రవ్య వేలితో అలా తాకింది. నేను ఎంటర్ మీద ఒక్క గుద్దు గుద్దాను. రెండు, మూడు, నాలుగు. తుమ్ములు, కన్నీళ్ళు, గుండయ్య కేకలు. ఒక్క బస్తా కూడా వదల్లేదు నేను. లారీ ఖాళీ అయ్యేసరికి నా వేలు వాచింది.

మామగారు తుండుతో ముక్కు తుడుచుకుని చెప్పారు. "అరవై దిగినయ్. లాభం బస్తా మనం అమ్మం. అంటే అమ్మేటియి యాభై తొమ్మిది. కీర్తీ, నీదెంత?"

నేను గర్వంగా ల్యాప్‌టాప్ తిప్పాను. యాభై ఎనిమిది.

"గదేంది బిడ్డా?" అన్నారు ఆయన. నాకూ తెలియలేదు అదేమిటో. "స్రవ్యా, నీది?"

యాభై తొమ్మిది.

అదెలా? దానిది అరవై రావాలి కదా! నేను చెప్పింది అన్నీ కలపమనే కదా! డానియేలు వంగి రెండు తెరలూ చూసి, మాకు మాత్రమే వినబడేలా అన్నాడు. "ఇద్దరూ సున్నా మర్చిపోయిన్రు మేడమ్. అరవై బస్తాలుంటే ఆఖరిదాని నంబర్ యాభై తొమ్మిది. దానికి ఒకటి కలుపుకోవాలె."

అప్పుడు తెలిసింది. ఆఖరి నంబరునే మొత్తం అనుకుని ఇద్దరం ఒకే తప్పు చేశాం. ఆ తప్పు లెక్కలోంచి నేను లాభం బస్తాను కూడా తీసేశాను, అందుకే ఇంకొకటి తగ్గింది. అది ఏమీ తీయలేదు. దాని తప్పే దానికి ఒప్పయి కూర్చుంది!

మామగారికి ఇవేవీ తెలియవు. ఆయన ముఖం వెలిగిపోతోంది. "అరే వా! వచ్చి ఏడాది కాలే, మన ఇంటి పద్ధతి పట్టుకున్నది చూడు గుండయ్యా!"

ఉత్తదే మామయ్యా, దానికేం తెలియదు, గాలివాటున కలిసింది అని అరవాలనిపించింది. నోరు తెరిచాను కూడా. కానీ దానికి తెలియదని నీకెట్లా తెలుసు అంటే ఏం చెప్పను? నేనే తప్పు చెప్పానని చెప్పాలి. నోరు మూసుకున్నాను.

"లాభం బస్తా అమ్మరని నీకెవరు చెప్పిన్రు బిడ్డా?" అని మామగారు స్రవ్యను అడిగారు.

స్రవ్య గోదాం మూల పసుపు బొట్టు బస్తాను చూసింది. తర్వాత నన్ను చూసింది. ఆ చూపులో దానికి అంతా అర్థమైందని నాకు అర్థమైంది. చెప్పేస్తుంది, గుండయ్య ముందు, డానియేలు ముందు, ఇప్పుడే చెప్పేస్తుంది.

"అక్కనే చెప్పింది మామయ్యా."

మామగారు లేచి వచ్చి నా తల మీద చెయ్యి పెట్టారు. పదకొండేళ్ళలో ఆయన అలా చేయడం అదే మొదలు. "పెద్ద కోడలంటే గిట్లుండాలె. తన కుర్చీ పోతదని తెలిసి గూడ చెల్లెకు చెప్పింది." పక్కన గుండయ్య కూడా మెచ్చుకోలుగా తలాడించాడు. నేను నేల చూస్తూ నిలబడ్డాను. మిర్చి ఘాటుకే ఏడుస్తున్నానని అనుకుని ఉంటారు.

పైకి వచ్చాక వంటింట్లో దాన్ని నిలదీశాను. తప్పు చేసింది నేను, నిలదీసింది కూడా నేనే. అది నా బుద్ధి.

"ఎందుకు చెప్పినవే గట్ల? నీకు నేను చెప్పింది వేరే గదా!"

స్రవ్య పిండి కలుపుతోంది. చెయ్యి ఆపలేదు.

"మరేం చెప్పాల్నక్కా? అత్తమ్మను అడగొచ్చుండె, ఆయనను అడగొచ్చుండె. నువ్వయితే నిజం జెప్తవని నిన్నే అడిగిన."

గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని, రెండు రోజులు మాట్లాడుకోకుండా ఉండి మూడో రోజు కలిసిపోయేవాళ్ళం. లొల్లి చేయడం నాకు బాగా వచ్చు. ఆ పిల్ల నాకు ఆ దారి కూడా మిగల్చలేదు. అలాగని కుర్చీ వదులుకుందా? వదులుకోలేదు, అదీ చెప్పాలి.

సోమవారం పొద్దున తొమ్మిదికి స్రవ్య తల దువ్వుకుని, ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని గడప దాటింది. ప్రోగ్రాంలో నాకన్నా ముందుంది, సరే. మంచితనంలో కూడా నాకన్నా ముందే ఉండాలా? తప్పయిపోయిందే అనే మాట మూడు రోజులుగా నా నోట్లోనే ఉంది.

"అక్కా, వస్త" అంది మెట్ల మీంచి.

"జల్ది పో, మామయ్య ఎదురుచూస్తున్నడు" అన్నాను.