నీలిరంగు పాలు

విరిగిన పాల వాసన ఎవరికైనా తెలుస్తుంది. విరగడానికి గంట ముందు వచ్చే వాసన పట్టుకోవడమే నా ఉద్యోగం. పాలకేంద్రంలో క్యాన్లు దింపే అరుగు మీద ఇరవై ఎనిమిదేళ్లుగా పొద్దున్నే నిలబడుతున్నాను. మూత తీసి ముక్కు పెట్టాలి. చెంచాడు నోట్లో పోసుకుని, నాలుక మీద తిప్పి, పక్కనున్న బకెట్లో ఉమ్మెయ్యాలి. మింగకూడదు. మింగుతూ పోతే పదో క్యానుకల్లా నాలుక మొద్దుబారిపోతుంది. ఎనిమిదయ్యేసరికి ఆ బకెట్టు సగానికి వస్తుంది. నురుగు, ఉమ్మి, పైన తేలే మీగడ తునకలు, అంచు చుట్టూ ఈగలు. దాన్ని మోరీలో ఒంపి కడిగే పని కూడా నాదే.

పాలు బాగోలేకపోతే క్యానులో నాలుగు చుక్కలు నీలిరంగు వేస్తాం. ఇక వాటిని ఎక్కడా అమ్ముకోలేరు. వరసగా మూడు రోజులు నీలం పడితే ఆ ఇంటి పాలు మరెప్పుడూ తీసుకోం. ల్యాబులోని పరీక్ష యంత్రం పాలు బాగున్నాయని చెప్పినా, వాసన చూసేవాడు వద్దంటే వద్దు. మొదటినుంచీ మా దగ్గర అదే పద్ధతి.

ఎర్రమూతావిడకు ఎన్నడూ నీలం పడలేదు. ఆమెకు రెండు ఆవులు, ఒక పాత మోపెడ్, ఎర్ర మూత ఉన్న ఒక క్యాను. ఇల్లు గడిచేది వాటితోనే. నా భార్య పోయిన ఎనిమిదో నెలలో ఒకరోజు ఆమె నా చేతిలో చిన్న సీసా పెట్టింది.

"ముఖం పీక్కుపోయింది అన్నయ్యా. సాయంత్రం కాచుకుని తాగండి. ఓ పూట వంట బాధ తప్పుతుంది."

ఎవరో ఒకరు నా ముఖం చూశారు కదా అనిపించింది. కాదనలేకపోయాను.

మా ఇంట్లో, పెళ్లయిన కొత్తలో తప్ప, నా భార్య నాకు గ్లాసుతో పాలు ఇచ్చిన రోజు లేదు. టీ కూడా పాలు లేకుండానే పెట్టేది. అన్నంలోకి మాత్రం గడ్డపెరుగు. "రోజంతా ఆ కంపులోనే ఉండొస్తారు, ఇంట్లో కూడా ఎందుకు?" అనేది. నిజమే కదా అనుకునేవాణ్ణి.

ఆ సాయంత్రం పాలు కాచాను. మీగడ పై పెదవికి తడిసిన కాగితంలా అతుక్కుంది. వేలితో లాగితే సాగింది. కళ్లు మూసుకుని గ్లాసు ఖాళీ చేశాను. గంట తిరక్కుండా కడుపులో ఎవరో బండ మీద బట్టలు ఉతకడం మొదలుపెట్టారు. పొట్ట బిగిసి డోలైంది. పుల్లటి తేన్పులు. ఆ తర్వాత మరుగుదొడ్డిలో జరిగిందంతా రాయను కానీ, అరుగు మీది బకెట్టు వాసన నాలోంచే వచ్చిందంటే చాలు. రోజూ నేను ఒంపి కడిగేది నా కడుపులోనే ఊరినట్టు ఒళ్లు జలదరించింది.

మొదటి రోజు, నిలవ రొట్టె పడలేదనుకున్నాను. రెండో రోజు కూడా ఆమె సీసా ఇచ్చింది, తాగాను, అదే బాధ; దిగులనుకున్నాను. మూడో రోజు గట్టిగా ఆలోచించాను. నా ఆలోచనంతా వాసన చూసేవాడి ఆలోచనే. రోజుకు అరవై ఇళ్ల పాలు నోట్లో పోసుకుంటున్నాను, ఏ బాధా లేదు. ఈ ఒక్క ఇంటి పాలతోనే నాకిలా అవుతోంది. అంటే ఇందులో ఏదో కలుస్తోంది. సబ్బుపొడో, సోడానో.

మిగతా ఇళ్ల పాలన్నీ నేను ఉమ్మేస్తున్నానని, మింగినవి ఆమె పాలేనని అప్పుడు నాకు తట్టనే లేదు.

మర్నాడు ఎర్రమూత తీయగానే వాసన తేడాగా తోచింది. నిజంగానే తోచింది. కడుపు ముందే తీర్పు చెప్పేశాక ముక్కు కూడా ఔనంది. నాలుగు చుక్కలు వేశాను. తెల్లటి పాలలో నీలం తీగలుతీగలుగా దిగింది.

ఆమె క్యానులోకి తొంగి చూసింది. "అన్నయ్యా, ఇవి నా పాలేనా? క్యాన్లు మారిపోలేదు కదా?"

"నీవే."

ల్యాబులో పరీక్షలు చేసే అమ్మాయి చీటీ పట్టుకుని బయటికొచ్చింది. "బాబాయ్, సబ్బు లేదు, సోడా లేదు, నీళ్లు కూడా లేవు. ఇంత మంచి పాలు ఈ వారంలో రాలేదు."

"నీ యంత్రానికి ముక్కుందా?"

"ముక్కు లేదు. కడుపూ లేదు. అందుకే కోపతాపాలు కూడా లేవు."

రెండో రోజూ నీలమే వేశాను.  ఎర్రమూతావిడ క్యాను తానే మోరీ దాకా ఈడ్చుకెళ్లి ఒంపింది. నీలం నురుగు ఆమె చెప్పుల మీదుగా పారింది. సీసా మాత్రం రోజూలాగే అరుగు మీద పెట్టి వెళ్లింది. నాకది ఇంకా రోత పుట్టించింది. తప్పు చేసి మంచి చేసుకోవాలని చూస్తోంది అనుకున్నాను.

ఆ మధ్యాహ్నం మా మరదలు పెరుగు గిన్నె పట్టుకుని వచ్చింది. ఏం కలిపిందో తేల్చాలని ఆ సీసా పాలు కాచి మళ్లీ తాగి, నేను పొట్ట పట్టుకుని గోడవారగా కూర్చుని ఉన్నాను. గట్టు మీద మీగడ ఎండి పసుపుపచ్చగా అంటుకున్న గ్లాసు.

"ఇదేంటి బావా? పాలు తాగుతున్నావా నువ్వు?"

"ఒకావిడ ఇస్తోంది. కల్తీ పాలు."

మరదలు గ్లాసు వాసన చూసి ముక్కు చిట్లించింది. "పాలలో కల్తీ ఏం లేదు. నీకు పాలు పడవు. అక్క ఎప్పుడైనా ఇచ్చిందా నీకు?"

"కంపులో ఉండొస్తానని..."

"అదంతా నీకు చెప్పిన మాట. పెళ్లయిన నెలకే కనిపెట్టింది. పాలు తాగినప్పుడల్లా గంట గంటకీ పరుగు పెట్టేవాడివట. పాలకేంద్రంలో పనిచేసే మనిషికి పాలు పడవంటే నలుగురూ నవ్వుతారు, ఆయన చిన్నబుచ్చుకుంటారు, నోరెత్తకు అంది నాతో. పెరుగైతే ఏం కాదని అదీ తనే తేల్చుకుంది."

నమ్మలేదు నేను. సందు చివరి కొట్టుకు వెళ్లి మా కేంద్రం ప్యాకెట్టే తెచ్చాను. మరదలి ఎదురుగానే తాగాను. గంటలో ఆ కడుపే, ఆ పరుగే, ఆ కంపే. తిరిగొచ్చేసరికి ఆవిడ గోడవైపు తిరిగి నవ్వు ఆపుకుంటోంది.

సిగ్గుచేటేమిటంటే ఇదంతా నేను కాలేజీలో చదువుకున్నదే. పాలలో ఉండే చక్కెరను విరగ్గొట్టే రసం చంటిపిల్లల పేగుల్లో దండిగా ఊరుతుంది. పాలు మానే వయసొచ్చాక ప్రపంచంలో ఎక్కువమందికి అది తగ్గిపోతుంది. తరతరాలుగా పశువుల పాల మీద బతికిన జాతుల్లో చాలామందికి మాత్రం పెద్దయ్యాక కూడా నిలుస్తుంది. అది పుట్టుకతో వచ్చేది, ఎవరి తప్పూ కాదు. అరగని చక్కెర పెద్దపేగులోకి దిగితే అక్కడి సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి గ్యాసు చేస్తాయి. పెరుగులో ఆ పని చాలావరకు తోడే చేసిపెడుతుంది. పరీక్షలో దీనికి నాకు మంచి మార్కులే వచ్చాయి. నా కడుపుకి మాత్రం వర్తిస్తుందనుకోలేదు. పాతికేళ్లకు పైగా నాకు తెలియకుండా నన్ను కాచిన మనిషి గుర్తొచ్చింది. ఆ వెంటే మోరీలో నీలం నురుగు గుర్తొచ్చింది. ఈసారి రోత పాల మీద కాదు.

మూడో రోజు పొద్దున ఎర్రమూతావిడ క్యాను దింపి దూరంగా నిలబడింది. చేతిలో సీసా లేదు. క్యాన్లతో వరసలో ఉన్న పాతికమందీ నా చేతిలోని నీలిరంగు బుడ్డి వైపే చూస్తున్నారు. దాన్ని జేబులో పెట్టుకున్నాను.

"ఈమె పాలలో ఏ దోషమూ లేదు. రెండు రోజులూ నేనే తప్పు చేశాను. నాకు పాలు పడవు. తాగితే కడుపు పాడవుతుంది. అది ఈమె మీద తోశాను."

 వరస చివర్నుంచి ఎవరో పకపకా నవ్వారు. "పాలు పడనివాడికా మా పాలు అప్పజెప్పింది!" ఇక అరుగంతా నవ్వే. ల్యాబు అమ్మాయి రిజిస్టరు తెచ్చి ఆ రెండు నీలాలూ కొట్టేసింది. "కారణం ఏం రాయమంటారు బాబాయ్?"

"పరీక్షకుడి కడుపు అని రాయి."

అలాగే రాసింది.

ఎర్రమూతావిడ మాత్రం నవ్వలేదు. దగ్గరికొచ్చింది. "నా పాలు నా చేత్తోనే మోరీలో పోయించారు. ఇంటికెళ్లి ఆవుల్ని అనుమానించాను. వాటి నోళ్లు తెరిచి చూశాను. పాలు పితికిన నా చేతులే వాసన చూసుకున్నాను."

నేను చెంచా కడిగి ఆమె క్యాను దగ్గర పెట్టాను.

"రోజూ మీరు అలా ఉమ్ముతుంటే చూడలేక ముఖం తిప్పుకునేదాన్ని, ఎంత రోతో అని." ఎర్రమూత తనే తీసి, చెంచా ముంచి నా చేతికిచ్చింది. "ఇవాళ చూస్తాను. కానివ్వండి."

నోట్లో పోసుకున్నాను. గోరువెచ్చగా, తియ్యగా ఉన్నాయి. ఏ వంకా లేదు. ఆమె కళ్లార్పకుండా నా గొంతు వైపే చూస్తోంది.

"మింగకండి," అంది.

బకెట్లో ఉమ్మాను.