వేడికి గడ్డకట్టే మందు

అత్తమ్మ వేసిన తడిగుడ్డ వల్లే మందు పనిచెయ్యలేదని డాక్టరు ఒక్క మాట అంటే చాలు, వసుధ మనసు తేలికపడేది. ఆ మాట కోసమే, భర్త చనిపోయి నెల దాటాక, బడికి సెలవు పెట్టి మల్కాజ్‌గిరి నుంచి ఆసుపత్రికి వెళ్లింది.

ఆమె భర్త హరికిషన్‌కు తొడలో కణితి. ఇంకా ప్రయోగంలో ఉన్న కొత్త మందు ఒకటి సూదితో నేరుగా అందులోకి ఎక్కించారు. దాని గుణం నెయ్యికి తలకిందులు. చల్లగా ఉంటే నీళ్లలా జారుతుంది. ఒంటి వేడి తగలగానే గడ్డకట్టి, ఉన్నచోటే ఉండి, కొంచెం కొంచెంగా పనిచేస్తుంది. ఇంట్లో అందరికీ ఈ సంగతి విడమరచి చెప్పింది వసుధే. ఏడో తరగతికి సైన్సు చెప్పే మనిషి.

మందు ఎక్కించిన సాయంత్రం కాలు మండుతోందని అతను మూలిగితే, తల్లి కమలాబాయి కుండ నీళ్లలో పాత చీరముక్క ముంచి తొడ మీద పరిచింది. ఇంట్లో ఎవరి ఒళ్లు కాలినా ఆమె చేసేది అదే.

కణితి తగ్గలేదు, పెరిగింది. వార్డులో, అతని మంచం పక్కనే వసుధ అనేసింది.

"నీ తడిగుడ్డతోనే మందు కరిగిపోయింది అత్తమ్మా. నీ చేతులతోనే చేసినవ్."

హరికిషన్ ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

ఇప్పుడు డాక్టర్ ఉదయ్‌కిరణ్ ఆమె ప్రశ్న విని నవ్వబోయి ఆగాడు.

"తడిగుడ్డకా? లేదండీ. పైన చర్మం చల్లబడుతుంది, అంతే. స్కాన్‌లో మందు పెట్టినచోటే ఉంది. ఆ కణితే దానికి లొంగలేదు. సైన్స్ టీచర్ కదండీ, మీకు నేను చెప్పాలా?"

చెప్పనక్కర్లేదు. బయట ఎంత చలి ఉన్నా మనిషి లోపలి వేడి మారదని ఏటేటా బోర్డు మీద రాసేది ఆమే. ఆ రోజు వార్డులోనూ ఆమెకు అది తెలుసు.

ఇంటికి వచ్చేసరికి కమలాబాయి జ్వరంతో చాప మీద పడుకుని ఉంది. ఫ్యానైనా వేసుకోలేదు. వసుధ గుడ్డ తడిపి నుదుటి మీద వేయబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు బిడ్డా. ఇప్పుడే గోలి మింగిన. చల్లగుంటే మందు పనిచెయ్యదంటివి గద."

ఎత్తిపొడుపు కాదది. నిజంగానే నమ్మింది.

"అత్తమ్మా, డాక్టర్‌ను అడిగిన. తడిగుడ్డతోని ఏం కాలేదంట. నేనే అనరాని మాట అన్న."

"నా చేతులతోని కాదా? ఒట్టు?"

"ఒట్టు అత్తమ్మా."

కమలాబాయి తన అరచేతుల్ని తిప్పి చూసుకుంది.

"నాకు చెప్పినవ్, మంచిదే. మరి వానికెవరు చెప్తరు బిడ్డా?"

తడిగుడ్డ నుంచి నీళ్లు చాప మీద పడుతున్నాయి. కాసేపటికి కమలాబాయే అడ్డం పెట్టిన చెయ్యి తీసింది. వసుధ గుడ్డ పరిచింది. ఆ ముఖంలోకి మాత్రం చూడలేకపోయింది.