మూడు వందల తొంభై రెండు

అనీష్‌ను ఎడమ చంకలో ఇరికించుకుని, చాముండేశ్వరి కుడి అరచేత్తో నలిగిన రసీదును బల్ల మీద సాపు చేస్తోంది. పది నెలల పిల్లవాడు కాగితం కోసం చెయ్యి చాచాడు. దాన్ని అందకుండా జరిపి, వాడి చేతికి చెక్క గరిటె ఇచ్చింది. పొయ్యి మీద ఉప్మా కుతకుతలాడుతోంది. నేల మీద రెండేళ్ళ దేవ్ గిన్నెలు బోర్లించి వాయిస్తున్నాడు. నాలుగేళ్ళ అదితి బూట్లు విప్పనని సోఫా మీద బిగుసుకుని కూర్చుంది. టైము ఏడున్నర అయింది. ఈ ముగ్గురినీ దింపేసి వాళ్ళ అమ్మానాన్నలు ఆఫీసులకు వెళ్ళిపోయి పది నిమిషాలు కూడా కాలేదు.

సాపు చేసిన రసీదు వెనుక ‘పిల్లలకి: డైపర్లు, అరటిపళ్ళు’ అని రాసి నీలం రంగు బిస్కెట్ల డబ్బాలో వేసింది. మూత పెట్టకుండా పైన చపాతీ పీట బోర్లించింది. ఆ బరువుకు మడతలు పోతాయి. మొదటి ఏడాది ఈ ఉపాయం తెలియక, పన్నుల లెక్కలు రాసే శేషగిరి వస్తున్నాడని నలిగిన రసీదులన్నిటికీ ఇస్త్రీ చేసింది. షాపువాళ్ళ కాగితం వేడి తగిలితే నల్లబడుతుందని ఆమెకేం తెలుసు? తెల్లటి కాగితాలు ఇస్త్రీపెట్టె కింద బొగ్గులా మారిపోయాయి. శేషగిరి ఆ నల్ల కాగితాలను వేళ్ళ చివర్లతో పట్టుకుని చాలాసేపు నవ్వాడు. “కాగితం లేని ఖర్చు ఖర్చే కాదు పిన్నిగారూ” అన్నాడు. ఆ మాట ఆమె మనసులో నాటుకుపోయింది. పదకొండేళ్ళలో మళ్ళీ ఒక్క రసీదు కూడా పాడు చేయలేదు.

చాముండేశ్వరికి ఏప్రిల్‌లో అరవై ఐదు నిండుతాయి. భర్త పోయాక, పిల్లలు లేని మనిషిని తమ్ముడు భీమశంకరం గ్రీన్‌కార్డు మీద ఇక్కడికి రప్పించాడు. ఆ కాగితాలు వచ్చేసరికే పన్నెండేళ్ళు పట్టింది. అనకాపల్లిలో బాల్వాడీ టీచరు పని మానేసి, యాభై నాలుగో ఏట ఇర్వింగ్‌లో దిగింది. రెండేళ్ళకల్లా తమ్ముడు సియాటిల్ మారిపోయాడు. ఆమె ఈ రెండు గదుల అపార్ట్‌మెంటులో మిగిలింది. గోడకు రాష్ట్రం ఇచ్చిన డే కేర్ కాగితం ఫ్రేము కట్టించి తగిలించుకుంది. పదకొండేళ్ళుగా పిల్లల్ని ఎడమవైపే ఎత్తుకోవడంతో ఎడమ తుంటి కాస్త పైకి లేచింది. అద్దంలో చూసుకుంటే జాకెట్టు వంకరగా కుట్టినట్టు కనిపిస్తుంది. సాయంత్రానికి చీలమండలు ఉబ్బుతాయి. వెంట్రుకలను రబ్బరుబ్యాండుతో ముడి వేస్తుంది, పిన్నులు పిల్లలు లాగేస్తారు కాబట్టి.

గుండె సంగతి ఎవరికీ చెప్పలేదు. రెండేళ్ళ కిందట మెట్లెక్కుతుంటే ఛాతీ పట్టేస్తే వీధి చివర క్లినిక్‌కు వెళ్ళింది. గుండె డాక్టరుకు వెంటనే చూపించుకోమన్నారు. ఆ పరీక్షకు ఎంతవుతుందో ఫోనులో కనుక్కుని పెట్టేసింది. ఆమెకు ఇన్సూరెన్సు లేదు. ఆదాయం మరీ తక్కువ కాబట్టి ప్రభుత్వ సాయం రాదని ఎప్పుడో చెప్పారు. సాయం చేయడానికి కూడా కొంచెం సంపాదన కనబడాలనే దేశమిది. అయినా ఆమె దిగులుపడలేదు. ఏడాదికి నాలుగు చొప్పున పదేళ్ళ పనికి నలభై క్రెడిట్లు జమ అయితే, అరవై ఐదో ఏట మెడికేర్ అనే ఆసుపత్రి బీమా రూపాయి కట్టకుండా వస్తుందని, చిన్న పెన్షన్ కూడా వస్తుందని పార్కులో ఆడవాళ్ళు చెప్పుకోగా విన్నది. పదకొండు నాలుగుల నలభై నాలుగు. తనవి నాలుగు ఎక్కువే. ఇండియన్ స్టోరువాళ్ళు ఇచ్చిన తెలుగు క్యాలెండరులో ఏప్రిల్ ఒకటి చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టింది. ఆ రోజు దాకా మెట్లు నెమ్మదిగా ఎక్కితే చాలు.

అదే క్యాలెండరులో ప్రతి గడిలో పిల్లల పేర్ల మొదటి అక్షరాలు, వాటి పక్కన గీతలు ఉంటాయి. టిఫినుకు ఒక గీత, భోజనానికి ఒకటి, పాలకూ పళ్ళకూ ఒకటి. ఒక్కో గీతకూ ఇంత అని ఖర్చు కింద చూపించుకోవచ్చని శేషగిరి నేర్పాడు. తన తిండికి మాత్రం గీత లేదు, అది సొంత ఖర్చు. అందుకని ఆమె పిల్లలు వదిలేసిందే తింటుంది. ఇవాళ కూడా దేవ్ ఉమ్మేసిన క్యారెట్ ముక్కలు, అదితి మిగిల్చిన పప్పన్నం నిలబడే తినేసి, ప్లేట్లు కడిగి, మూడు గీతలు గీసింది.

ఒంటిగంటన్నరకు పిల్లలు నిద్రపోయాక శేషగిరి వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి, నిండైన మనిషి, బూట్లు విప్పుతూనే కబుర్లు మొదలుపెడతాడు. ఊళ్ళో సగంమంది తెలుగువాళ్ళ పన్నులు అతనే ఫైల్ చేస్తాడు. వాళ్ళంతా కంపెనీ జీతగాళ్ళు. సొంతంగా పిల్లల్ని చూసుకునే క్లయింటు ఈమె ఒక్కతే. అందుకే ఈ ఇంటి లెక్క అతనికి ఆటలా ఉంటుంది. ల్యాప్‌టాప్ తెరిచి, డబ్బాలోని రసీదులు ఒక్కొక్కటే ఎక్కించాడు. అద్దెలో ఇంత భాగం, కరెంటులో ఇంత భాగం. పడకగదిలో పిల్లలు పడుకుంటారు కాబట్టి అదీ బిజినెస్సే. వాళ్ళు వెళ్ళాక ఆమె ఇల్లు తుడిచే గంటలు కూడా బిజినెస్సే. చూస్తుండగానే ఆమె బతుకంతా ఖర్చు కిందికి వెళ్ళిపోయింది.

ఒక రసీదు మాత్రం పక్కకు తోశాడు. “ఈ చెప్పులు మీవి కదండీ. ఇది క్లెయిమ్ చేయలేం.”

రోజంతా పిల్లల వెనకాల తిరిగేది ఆ చెప్పులతోనే అని ఆమె చెప్పబోయింది. మళ్ళీ ఎందుకులే అని ఊరుకుంది.

చివరకు అతను తెర ఆమె వైపు తిప్పాడు. ఖర్చులన్నీ పోగా ఏడాది లాభం మూడు వందల తొంభై రెండు డాలర్లు. నాలుగు వందలు చేరితే సొంతంగా పని చేసుకునేవాళ్ళు కట్టే పన్ను మొదలవుతుంది. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా ఆమెను ఆ గీత దాటనివ్వలేదు. అది అతని పనితనం. ఏటా ఈ సమయానికి ఆమె సంతోషంగా గోంగూర పచ్చడి సీసా తెచ్చి ఇస్తుంది. ఇవాళ కూడా ఇచ్చింది. ఇచ్చి, మెడికేర్‌కు అప్లై చేసిపెట్టమని అడిగింది.

అతను ఆమె ఫోనుకు వచ్చిన నంబరు కొట్టి, ప్రభుత్వ సైటులో ఆమె క్రెడిట్ల ఖాతా తెరిచాడు. పేజీని పైకీ కిందికీ జరిపాడు. తెర మీద ఏడాది పక్కన ఏడాది, అన్నిటి పక్కనా సున్నాలు.

“క్రెడిట్స్ లేవండి” అన్నాడు. “ఆ పన్ను కడితేనే క్రెడిట్ పడుతుంది. మనం కట్టలేదు కదా.”

“ఎన్ని లేవు?”

“ఒక్కటీ లేదు.”

ఆమె క్యాలెండరు వైపు చూసింది. “పదకొండేళ్ళు నేను పని చేశానా లేదా బాబూ?”

“చేశారండి. లాభం రాలేదు, అంతే.”

అతనికి తప్పు చేసినట్టు అనిపించలేదు. అనిపించినా చెప్పలేదు. రూలు ప్రకారం ఉన్న ఖర్చు చూపించి తీరాలని, మానేయడానికి లేదని వివరించాడు. మెడికేర్ ఎలాగూ కొనుక్కోవచ్చని, ఆసుపత్రి భాగానికి నెలకు ఐదు వందల పైన, డాక్టరు భాగానికి ఇంకో రెండు వందలు అవుతాయని చెప్పాడు. ఇన్నేళ్ళలో ఎంత పన్ను మిగిల్చాడో అది కూడా చెప్పాడు. ఆ మిగిలిన డబ్బు ఎక్కడుందో ఆమెకు తెలియదు. అద్దెలో ఉండాలి, డైపర్లలో ఉండాలి, ఆ డబ్బాలో ఉండాలి.

ఆమె ఒక్కటే అడిగింది. “రసీదులు లేకపోతే?”

“లేకపోతే ఏముందండీ, ఖర్చే లేదు.” అతను నవ్వుతూ ల్యాప్‌టాప్ మూశాడు. రేపు ఫోనుకు కాగితం పంపుతానని, సైన్ చేస్తే చాలని చెప్పి, పచ్చడి సీసా పట్టుకుని వెళ్ళిపోయాడు. గదిలో అనీష్ లేచి ఏడవడం మొదలుపెట్టాడు. ఆమె లేచి వెళ్ళి వాణ్ణి ఎత్తుకుంది, ఎడమవైపే.

మధ్యాహ్నం మామూలుగానే గడిచింది. దేవ్‌కు డైపరు మార్చింది. అదితి గీసిన ఏనుగుకు ఐదు కాళ్ళుంటే ఒకటి తుడిపించబోయి మానేసింది. పాలకు మూడు గీతలు గీయడానికి పెన్ను తీసి, గీయకుండా కింద పెట్టేసింది. ఐదున్నరకు అదితి వాళ్ళమ్మ రష్మి ఫోన్లో మాట్లాడుతూనే వచ్చింది. ఆ మధ్యలోనే ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి, డే కేర్ ఫీజుకు తమ పన్నుల్లో క్రెడిట్ క్లెయిమ్ చేసుకోవాలని, ఆంటీ సోషల్ సెక్యూరిటీ నంబరు ఇంకా ఇవ్వలేదని గుర్తుచేసింది. మీకు కూడా క్రెడిటేనా అని చాముండేశ్వరి అడిగింది. రష్మికి వినబడలేదు. ఆరు దాటాక మిగతా ఇద్దరినీ కూడా తీసుకెళ్ళిపోయారు.

ఇంకా వెలుతురుంది. ఆమె ఇస్త్రీ బల్ల తెరిచి, పెట్టెను బాగా వేడెక్కనిచ్చింది. డబ్బాలోంచి మొదటి రసీదు తీసి పరిచింది. పెట్టె పెట్టి తీయగానే అది నల్లగా మారింది. రెండోది. మూడోది. డైపర్లు పోయాయి, పాలు పోయాయి, రంగు పెన్సిళ్ళు పోయాయి. ఈ ఏడాది లాభం పెరుగుతుంది, పన్ను పడుతుంది, నాలుగు క్రెడిట్లు వస్తాయి. వచ్చే ఏడాది ఇంకో నాలుగు. డెబ్భై ఐదు ఏళ్ళకు నలభై అవుతాయి. మనసులో ఆ లెక్క వేసుకుంటూ, ఎంత శ్రద్ధగా సాపు చేసిందో అంత శ్రద్ధగా ఒక్కొక్క కాగితాన్నీ కాల్చింది. నల్లబడ్డవాటిని దొంతి పెట్టి తిరిగి డబ్బాలో సర్దింది. ఆఖరి దాని మీద పెట్టె ఆనించి తీశాక ఎడమ చెయ్యి బరువెక్కింది. పెట్టెను నిలబెట్టి, కాసేపు కూర్చుందామని కుర్చీ లాక్కుంది.

పొద్దున ఏడుంపావుకు రష్మి ఎంతసేపు బెల్లు కొట్టినా తలుపు తెరుచుకోలేదు. ఆఫీసు మీటింగుకు టైమైపోతోందని ఆమెకు చిరాకు వేసింది. అపార్ట్‌మెంటు ఆఫీసువాళ్ళు వచ్చి తాళం తీశారు. చాముండేశ్వరి కుర్చీలో కూర్చునే ఉంది, కాళ్ళకు ఇంటి చెప్పులున్నాయి. ఇస్త్రీపెట్టె దానంతటదే ఆరిపోయి చల్లబడింది. అంబులెన్సు వెళ్ళకముందే ముగ్గురు తల్లుల వాట్సాప్‌లో వేరే డే కేర్‌ల పేర్లు తిరగడం మొదలైంది. అదితి ఒక్కతే ఆంటీ ఎప్పుడు లేస్తుందని అడిగింది. తర్వాత చెప్తానని రష్మి దాన్ని కారెక్కించింది.

భీమశంకరం సియాటిల్ నుంచి వచ్చి అంత్యక్రియలు చేయించాడు. ఇల్లు ఖాళీ చేసే రోజున శేషగిరి వచ్చాడు. పోయిన మనిషికైనా ఆఖరి రిటర్ను ఫైల్ చేయాలి. బిస్కెట్ల డబ్బా తెరిచి, నల్ల కాగితాలు చూసి, “మళ్ళీ ఇస్త్రీ చేసేశారండీ పాపం, అన్నీ పాడైపోయాయి” అన్నాడు. అయితే నష్టమేమీ లేదన్నాడు. అంకెలన్నీ ఆ రోజే ల్యాప్‌టాప్‌లో ఎక్కించేశాడు.

“ట్యాక్స్ ఏమన్నా కట్టాలా?” అని భీమశంకరం అడిగాడు.

“ఒక్క డాలర్ కూడా లేదు. మూడు వందల తొంభై రెండే.”

భీమశంకరం అక్క తరఫున సంతకం చేశాడు. శేషగిరి బటన్ నొక్కాడు. ఇద్దరూ తాళం ఇచ్చేయడానికి ఆఫీసుకు వెళ్ళారు. డబ్బా వంటింటి గట్టు మీద మూత తీసి ఉంది. నల్ల కాగితాల దొంతికి పక్కగా, ఖర్చు కింద చెల్లదు కాబట్టి ఆమె కాల్చకుండా వదిలేసిన రసీదు ఒకటి తెల్లగా, మడత లేకుండా ఉంది: ఆడవారి ఇంటి చెప్పులు, ఒక జత, పద్నాలుగు డాలర్ల తొంభై తొమ్మిది సెంట్లు.