నాన్న పక్క ఉయ్యాల

మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తోందన్న సంగతి యామిలి ఇంతవరకూ నోరు తెరిచి ఎవరికీ చెప్పలేదు. చెబితే "ముందు ఒళ్ళు తగ్గించుకో" అంటారు. పదిహేనేళ్ళుగా ఇంకేం వింది గనక!

మెక్సికోలోని మేరిదాలో వాళ్ళింట్లో మంచాలు లేవు, పడకంతా వల ఉయ్యాలల్లోనే. అమ్మ కాన్‌కూన్‌లో హోటల్ పనికి వెళ్ళాక ఇంట్లో మిగిలింది నానమ్మ ఎలీహియా, యామిలి. అయినా మధ్యాహ్నం భోజనాలయ్యాక నానమ్మ గోడ కొక్కేలకి మూడు ఉయ్యాలలు కడుతుంది. మూడోది ముప్ఫై ఎనిమిదేళ్ళకే గుండె ఆగిపోయిన కొడుక్కి, యామిలి నాన్నకి. కట్టిన కాసేపటికి అది మనిషి పడుకున్నట్టే బరువుగా కిందికి సాగుతుంది. నానమ్మ విసనకర్రతో విసురుతుంది. పక్కింటావిడ ఉప్పుకో పప్పుకో వస్తే, "పడుకున్నాడా?" అని గొంతు తగ్గించి, చుట్టూ తిరిగి వెళ్తుంది.

నాన్న మోచేతుల మీద పసుపుపచ్చని బొడిపెలుండేవి. తాతకీ ఉండేవట. ఇప్పుడు యామిలికి లేచాయి. "ముత్యాలే ఇవి! మా కానుల్ వంశం గుర్తు," అంటూ నానమ్మ మురిసిపోయి వీధంతా చూపించింది.

బడికొచ్చిన డాక్టరమ్మ వాటిని చూసి మురవలేదు. రక్తం తీయించింది. "ఇది ఒక్క తిండివల్ల వచ్చింది కాదమ్మా. కొలెస్ట్రాల్ మీ వంశంలోనే ఉంది. పెద్దవాళ్ళని తీసుకురా, మందులు మొదలుపెట్టాలి. ఆలస్యం చెయ్యకు."

"పిల్లకి గుండె మందులా!" పంది కొవ్వులో పానుచో రొట్టెలు వేయిస్తూ నానమ్మ నవ్వింది. "ఆ డాక్టరు చీపురుపుల్లలా ఉంటుంది. ముందు దానికి కడుపునిండా పెట్టండర్రా ఎవరైనా. మీ నాన్న దున్నలా ఉండేవాడే!"

"ఇప్పుడో నానమ్మా?"

"ఇప్పుడు పడుకున్నాడు. మెల్లిగా మాట్లాడు."

మర్నాడు బడినుంచి వచ్చేసరికి నానమ్మ కుర్చీలో కూర్చుని విసురుతోంది. నాన్న ఉయ్యాల సాగి ఉంది. దాని పక్కన యామిలిది కూడా, ఖాళీగానే, నేలని రాసుకునేంత బరువుగా వేలాడుతోంది.

"ష్... చప్పుడు చెయ్యకు," అంది నానమ్మ, వచ్చిందెవరో తలెత్తి చూడకుండానే. "పిల్లకి ఇప్పుడే కన్నంటింది."

"నానమ్మా, నేనిక్కడున్నాను."

విసనకర్ర ఆగలేదు. ఒక విసురు నాన్నకి, ఒక విసురు పిల్లకి.

యామిలి వెనక్కి వెనక్కి నడిచి పెరట్లోకొచ్చింది. చెమటకి ఒంటిమీద చొక్కా తడిసిపోయింది. ఈ వేళప్పుడు అమ్మ ఏ గదిలోనో దుప్పట్లు మారుస్తుంటుంది. పనిలో ఫోన్ ఎత్తితే మేనేజరు తిడతాడని, ఏదున్నా ఆదివారం చెప్పుకుందామని అమ్మ వెళ్ళేముందే ఒట్టు వేయించుకుంది. ఇవాళ మంగళవారం.

తిట్టనీ, అనుకుంది యామిలి. అమ్మ నంబరు తీసింది.