లాంచీ టికెట్ల బేరం

పాండురంగం బేరం సంగతి తెలియనివాడు వరంగల్ బజారులో లేడు. తండ్రి కాలం నుంచీ ఉన్న చీరల దుకాణం ఆయనది. అమ్మేటప్పుడు ఒక పట్టాన దిగడు. కొనేటప్పుడా, మొదటి మాటకు ఒప్పుకున్న పాపాన పోడు. గంపలో బీరకాయలు పెట్టుకుని ముసలమ్మ ధర చెప్పగానే ముందు నవ్వుతాడు. తర్వాత ఒక కాయ తీసి గోటితో గిల్లి ముదిరిందంటాడు. అప్పటికీ దిగకపోతే చెప్పులేసుకుని నడుస్తాడు. ఒకసారి దర్జీ కుట్టి తెచ్చిన జుబ్బా తొడుక్కుని, గుండీలు పెట్టుకుంటూ కూడా కుట్టుకూలి బేరమాడాడు మహానుభావుడు! పిసినారి అనుకునేరు, కాదు. ఇంటికొచ్చినవాడికి కడుపునిండా పెట్టి పంపే చెయ్యే అది. చెప్పిన ధరకు కొనడమంటే మాత్రం ఆయనకు చిన్నతనం. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి మిగిలిపోయిన చీరలను తానే ధర తగ్గించి వదిలించుకుంటాడు గదా, లోకంలో ప్రతి సరుకుకూ ఎక్కడో ఒక ఆషాఢం ఉంటుందని ఆయన నమ్మకం.

ఆ నమ్మకమే భార్య సావిత్రి కోరికకు అడ్డం పడింది.

పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ భద్రాచలం పోయారు. దర్శనం చేసుకుని రేవు మెట్ల మీద కూర్చున్నప్పుడు రాజమండ్రి పోయే లాంచీ ఒకటి బయలుదేరింది. మేడ మీద జనం. ఒకావిడ కటకటాల్లోంచి కాళ్ళు బయటికి వేలాడేసి, ఒళ్ళో పిల్లనేసుకుని మరమరాలు తింటూ కూర్చుంది. ఆ లాంచీ పాపికొండల మధ్య నుంచి పోతుందని, రాత్రి ఇసుక మీద ఆపి వంట చేస్తారని పక్కనున్నవాళ్ళు చెప్పారు. "మనం గూడ పోదామా?" అని సావిత్రి ఆయన మోచేయి పట్టుకుని అడిగింది.

"ఇప్పుడు సీజను. రేటు మండిపోతాంది. జర ఆగు, పుష్యంల లాంచీలు ఖాళీగ తిరుగుతయి. అప్పుడు సగానికే పోదాం."

సగానికి పోవడం ఎంతకీ కుదరలేదు. కార్తీకంలో రేటెక్కువ. పుష్యంలో రేటు దిగుతుంది గానీ, ఆ వెనకే మాఘం. మాఘంలో పెళ్ళిళ్ళు, ఏడాది విడిచి ఏడాది మేడారం జాతర, పల్లెల నుంచి బండ్లు కట్టుకుని వచ్చే బేరాలు. దుకాణం వదిలి కదలడమెట్లా? ఎండాకాలం గోదావరిలో నీళ్ళుండవు, లాంచీ ఇసుకలో కూరుకుపోతుంది. వానాకాలం వరద. మళ్ళీ కార్తీకం, మళ్ళీ రేటెక్కువ. పిల్లలు లేని ఇల్లు, ఇద్దరే మనుషులు, తాళం వేసుకుని పోతే అడిగేవాడు లేడు. అయినా పోలేదు. సావిత్రి ప్రతి యేడూ ఒకసారి అడిగేది, ఆయన ప్రతి యేడూ ఆగమనేవాడు, ఆమె సరేననేది. పోనుపోను ఆమెకూ ఆ లెక్క పట్టుబడింది. బజారుకు పోతే ఆయనకంటే గట్టిగా బేరమాడేది. "మీరు ఊకోన్రి, నేను మాట్లాడుత" అని ఆయన్నే పక్కకు నెట్టేది.

పంతొమ్మిది వందల ఎనభై మూడో సంవత్సరం వానాకాలంలో సావిత్రికి అన్నం సయించడం మానేసింది. తిన్నదల్లా కక్కుకునేది. మనిషి సగమైంది. ఊళ్ళో డాక్టర్లు చూసి హైదరాబాద్ పెద్ద దవాఖానకు పొమ్మన్నారు. పాండురంగం, సావిత్రి తమ్ముడు కలిసి తీసుకుపోయారు. అక్కడ డాక్టరు సావిత్రిని బయట బెంచీ మీద కూర్చోబెట్టి, వీళ్ళిద్దరినీ లోపలికి పిలిచాడు. కడుపులో ఉన్నది క్యాన్సర్ గడ్డ అన్నాడు. కోసినా లాభం లేదన్నాడు. "ఇంటికి తీసుకెళ్ళండి. ఆమెకు ఇష్టమైనవి చేయండి. రెండు నెలలు, మహా అయితే మూడు," అన్నాడు.

ఎంత చెబితే ఎంత తగ్గించాలో నాలుక మీదుండే మనిషి, డాక్టరు ముందు నోరు తెరవలేకపోయాడు. బయటికొచ్చి సావిత్రితో, "అల్సరట. గోలీలు రాసిచ్చిండు. కారం తినొద్దన్నడు," అని చెప్పాడు. ఆ కాలంలో ఆ జబ్బు పేరు రోగి చెవిన పడనిచ్చేవాళ్ళు కాదు. తమ్ముడు గోడ వైపు తిరిగి ముక్కు తుడుచుకున్నాడు. "గీ మాత్రం దానికి గింత దూరమా? నేనేదో సచ్చిపోతున్నట్టు చేసిన్రు," అని సావిత్రి నవ్వింది.

ఇంటికొచ్చిన రెండో రోజు, మజ్జిగ అన్నం పిసికి ఆమె చేతికిస్తూ పాండురంగం మాట కదిపాడు.

"ఈసారి లాంచీకి పోదామే. దసరా కాంగనే మొదటి ట్రిప్పు ఉన్నదట. టికెట్లు తీస్కొస్త."

సావిత్రి కంచంలోంచి తల ఎత్తింది. "ఇప్పుడా? ఇప్పుడు రేటు కొండెక్కి కూసుంటది. పుష్యం దాంక ఆగుదాం."

"ఏం ఆగుడో ఏమో. పోదాం."

"గిదేం తొందర? ఇన్నేండ్లు ఆగినం, ఇంకో మూడు నెల్లకు ఏమైతది? నాకు గూడ అప్పటికి జర పానం కుదురుకుంటది. కడుపునిండ తినుకుంట పోవచ్చు."

ఆయనేం చెప్పాలి? పుష్యం దాకా నువ్వుండవే అని చెప్పాలా? ఆగడం ఆమెకు నేర్పిందే ఆయన. అన్నేళ్ళు తన నోటితో చెప్పిన మాటలన్నీ ఆమె నోటి నుంచి ఒక్కొక్కటే తిరిగి వస్తుంటే, ఆ మాటలు నేర్పిన నోటిని తానే పగలగొట్టుకుందామనిపించింది. "సరే తియ్యి, సూద్దాం," అని కంచం తీసుకుని వంటింట్లోకి పోయాడు. అక్కడ కుళాయి తిప్పి ఆ చప్పుడులో ఏడ్చాడు.

మర్నాడు పొద్దున దుకాణం తెరవకుండా స్టేషన్ రోడ్డుకు పోయాడు. అక్కడ సైకిల్ షాపు పక్క గదిలో రాజమల్లు అనే ఆయన యాత్రలకు టికెట్లు ఇస్తాడు. భద్రాచలం దాకా బస్సు, అక్కడి నుంచి లాంచీ, రాజమండ్రి నుంచి రైలు, అన్నీ ఆయనే చూస్తాడు. దసరా తర్వాత మొదటి ట్రిప్పుకు రెండు సీట్లు కావాలని పాండురంగం అడిగాడు. రాజమల్లు రేటు చెప్పి, ఛాయ్ రెండు తెమ్మని కేకేసి, కుర్చీలో వెనక్కి వాలి బేరానికి సిద్ధమయ్యాడు. పాండురంగంతో బేరమంటే పొద్దెక్కే పని మరి.

పాండురంగం పైసలు తీసి బల్ల మీద పెట్టాడు. "రాయి."

"సేటూ?"

"రాయమన్న గదనయ్యా."

ఛాయ్ రాకముందే టికెట్లు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇంటికి వచ్చేసరికి సావిత్రి వాకిట్లో కుర్చీ వేసుకుని తంగేడు పువ్వు తుంచుతోంది. బతుకమ్మ పండుగ రోజులవి. ఆడే ఓపిక లేక, పేర్చడానికి పక్కింటి వాళ్ళకు పువ్వు సిద్ధం చేస్తోంది. ఆయన టికెట్లు ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆమె ముందు కోప్పడింది. వద్దంటే తెచ్చారా అంది. ఆ తర్వాత టికెట్ మీద వేసిన లాంచీ బొమ్మను వేలితో తడిమి, ముసిముసిగా నవ్వుకుంది.

"ఎంతకిచ్చిండు?"

చెప్పాడు.

"మొదలు ఎంతన్నడు?"

అక్కడ అబద్ధమాడి ఉండవలసింది. బుర్ర పనిచేయలేదు. "గంతే," అన్నాడు.

"మరి మీరెంతకడిగిన్రు?"

పాండురంగం చెప్పులు విడుస్తూ గోడ వైపు చూశాడు. సావిత్రి చేతిలో తంగేడు కొమ్మ అట్లాగే ఉండిపోయింది. మొగుడు చెప్పిన ధరకు కొన్నాడు! జుబ్బా గుండీలు పెట్టుకుంటూ బేరమాడిన మనిషి, సీజనులో, మొదటి మాటకు, కిమ్మనకుండా కొన్నాడు. హైదరాబాద్‌లో బెంచీ మీద తనొక్కతే కూర్చున్న సంగతి, తమ్ముడు గోడ వైపు తిరిగిన సంగతి, అన్నీ ఆమెకు ఒక్కసారి అర్థమయ్యాయి.

"నాకు అల్సర్ కాదు గదా," అంది.

"ఏం పిచ్చి మాటలే అవి..."

"బేరం చెయ్యలే మీరు." ఆమె కొమ్మను పక్కన పడేసింది. "నాకు భయమైతాంది. మీరు మల్ల పోన్రి. పోయి బేరం చేసి రాన్రి."

"టికెట్ కోసినంక బేరమేందే?"

"మీరు కోసినంక గూడ చేస్తరు. ఎప్పుడు చెయ్యలేదా? పోన్రి. పది రూపాలన్న తగ్గించుకొని రాన్రి. అప్పుడే నేను ఆ లాంచీ ఎక్కుత. లేకుంటే ఎక్క."

తాను చచ్చిపోతున్నదాన్ని కాననీ, తనను మామూలు మనిషి లెక్కనే చూస్తున్నారనీ ఆమెకు కనిపించాలి. అంతే ఆమె అడిగింది. అది పాండురంగానికి తెలిసింది. మళ్ళీ చెప్పులేసుకున్నాడు.

రాజమల్లు ఈసారి ఆయన్ని చూడగానే లేచి నిలబడ్డాడు.

"రేటు జర ఎక్కువైంది రాజమల్లూ," అన్నాడు పాండురంగం. "తగ్గియ్యాలె."

"సేటూ, మీరు కూసోన్రి. ఇందాక మీరు పోయినంక మీ బామ్మర్ది కనవడ్డడు. మొత్తం చెప్పిండు." రాజమల్లు సొరుగు లాగి పైసలన్నీ తీసి బల్ల మీద పెట్టాడు. "అన్ని వాపస్ తీస్కోన్రి. నాకు ఒక్క పైస వద్దు. అక్కకు మేడ మీద ముందు సీటు ఇప్పిస్త. పండుకునేతందుకు పరుపు గూడ నేనే ఏపిస్త."

పుట్టి బుద్ధెరిగాక పాండురంగానికి అడగకముందే ఇంత దిగిన ధర ఇదొక్కటే. ఎందుకు దిగిందో తలుచుకునేసరికి ఆయనకు ఒళ్ళంతా మండింది. దుఃఖమో కోపమో ఆయనకే తెలియలేదు.

"నీ దయ ఎవనికి గావాలెరా?" అని అరిచాడు. "తియ్యి! ఆ పైసలు లోపల పెట్టు. నువ్వు తగ్గించకు. కాదను. సీజన్ సేటూ, గిట్టదు అను. నేను ఇంటికి పోయి సావిత్రికి బేరం చేసిన అని చెప్పాలె. ఉత్తగ చెప్తే పట్టుకుంటది, దానికి నా మొకం తెలుసు. నాతోని జర బేరమాడు రాజమల్లూ. నీ కాళ్ళు మొక్కుత."

రాజమల్లు బిత్తరపోయి చూశాడు. తర్వాత మెల్లగా పైసలు సొరుగులో వేసి, కూర్చుని, గొంతు సవరించుకున్నాడు.

"గిట్టదు సేటూ," అన్నాడు.

"ఏం గిట్టదు? మొన్న సుబేదారిల ఉండే ఆఫీసరుకు ఎంతకిచ్చినవో నాకు తెల్వదా?"

"ఆయన పది మందిని తెచ్చిండు. మీరిద్దరే గదా."

"ఇద్దరమైతే? ఇద్దరం పైసలిస్తలేమా? మనిషికి ఇరవై తగ్గియ్యి."

"డీజిల్ రేటు తెలుసునా సేటూ మీకు? నా పిల్లలు ఏం తినాలె? ఐదు తగ్గిస్త, పోన్రి."

"ఐదా! ఐదు బిచ్చగానికేసుకో!"

సైకిల్ షాపువాడు పని ఆపి తొంగి చూశాడు. ఇద్దరూ బల్ల గుద్దుకుంటూ అరుచుకుంటున్నారు. పాండురంగం గొంతు ఎప్పటిలాగే లేచింది, వేళ్ళు ఎప్పటిలాగే గాల్లో ఆడాయి. బేరం కుదరనట్టు మొహం పెట్టి, దిగ్గున లేచి గడప దాటాడు. అట్లా నడిచిపోతుంటే అవతలివాడు వెనక్కి పిలవడం వ్యాపారపు మర్యాద. వెనక నుంచి పిలుపు రాలేదు. తిరిగి చూశాడు. రాజమల్లు బల్ల మీద తల పెట్టుకుని భుజాలు ఎగిరిపడేలా ఏడుస్తున్నాడు.

పాండురంగం తనంత తానే వెనక్కి వచ్చాడు. "పదిహేను తగ్గించి ఖాయం జెయ్యి," అని రాజమల్లు వీపు మీద చెయ్యి వేసి, తానూ భోరున ఏడ్చాడు. ఇద్దరు మగవాళ్ళు పట్టపగలు స్టేషన్ రోడ్డులో అట్లా ఏడుస్తుంటే, ఛాయ్ తెచ్చినవాడు గ్లాసులు గడప మీద పెట్టి పోయాడు.

ఆయన ఇల్లు చేరేసరికి పక్కింటివాళ్ళు పువ్వు పట్టుకుపోయారు. సావిత్రి ఇంకా ఆ కుర్చీలోనే ఉంది. ఆయన వచ్చి గడప మీద, ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"తగ్గించిండా?"

"తగ్గించిండు. మనిషికి పదిహేను."

"అంతేనా?"

"ముండకొడుకు, వశపడలే. చానసేపు ఐదు కాన్నే నిలవడ్డడు."

"బాగ లొల్లి పెట్టిన్రా?"

"పెట్టిన."

"పెట్టినట్టే ఉన్నరు. గొంతు బొంగురు పోయింది." ఆమె వంగి ఆయన మొహం చూసింది. కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. వాటి గురించి ఆమె అడగలేదు. ఒళ్ళోని టికెట్లు తీసి కొంగున ముడివేసుకుంది.

"పుష్యం దాంక ఆగితే సగానికే వస్తుండె," అంది.

పాండురంగం ఆమె పాదాల మీద రాలిన తంగేడు రేకులు దులిపాడు.

"వస్తే రానియ్యిన్రి. మనం ఆగలేం గదా."

ఆయన ఆమె మోకాళ్ళ మీద మొహం దాచుకుని ఏడ్చాడు. ఈసారి ఆమె కూడా ఏడ్చింది. ఏడుస్తూనే ఆయన వీపు నిమురుతూ, లాంచీలో రాత్రి చలి పెడుతుందా, శాలువా పెట్టుకోవాలా అని అడిగింది.