కొత్త చేతులు

పడటం ఇంత కష్టమైన పని అని ఇదలీనకు ఈ మధ్యనే తెలిసింది. మధ్యాహ్నం నుంచి ఇది పదకొండోసారి. స్క్రీను మీద ముసలి గొర్రెలకాపరి కొయ్యవంతెన మూడో పలక మీద కాలు మోపాడు. ఎదురుగా తోడేలు. ముసలాడి బరువు కుడిపక్కకు వాలిపోతోంది. కంట్రోలర్ మీద ఇదలీన ఎడమ బొటనవేలు రవ్వంత వెనక్కి తీస్తే నిలదొక్కుకుంటాడు. ఆ వేలు తనంతట తనే కదలబోయింది. ఇదలీన దాన్ని బిగబట్టింది. కాపరి తన కర్రతో తన నెత్తే కొట్టుకుని, తోడేలుతో సహా లోయలోకి దొర్లిపోయాడు.

"శభాష్!" అన్నాడు వెనక కుర్చీలోంచి బల్తజార్. "ఎర్మెలిండా అయిపోయింది. ఇప్పుడు నువ్వు ఫిలొమేనవి. నలభై ఎనిమిదేళ్ళు, రొట్టెల కొట్లో పని. ఇదిగో, సంతకం పెట్టు."

'ఈ ఆటను నేనింతకు ముందెన్నడూ ముట్టుకోలేదు' అని కాగితం మీద అచ్చువేసి ఉంది. ఇదలీన దాని కింద ఫిలొమేన అని రాసింది. చేతిరాత మార్చడం కూడా ఈ నాలుగు నెలల్లో బాగానే వంటబట్టింది.

"నీలాంటిది దొరకడం నా అదృష్టం, ఇదలీనమ్మా," అన్నాడు బల్తజార్ కాగితం మడుస్తూ. "వేరేవాళ్ళయితే వారం తిరక్కుండా నేర్చేసుకునేవాళ్ళు. నీకు నాలుగు నెలలైనా ఒక్క ముక్క రాలేదు చూడు!"

కొవిల్యా ఊళ్ళోని ఉన్ని మిల్లులో ముప్ఫై ఒక్క ఏళ్ళు రఫూ పని చేసిన మనిషి ఆమె. మగ్గం తెంపేసిన పోగును వెతికి పట్టుకుని, ఇక్కడ తెగిందని మగ్గానికే తెలియనంతగా కలిపేసేది. ఆ ఖాతాలో, అంటే రఫూ విభాగంలో, పద్నాలుగు మంది ఆడవాళ్ళుండేవారు. ఖరీదైన గుడ్డ వస్తే మేస్త్రీ నేరుగా ఆమె బల్ల దగ్గరికే తెచ్చేవాడు. మిల్లు మూతపడ్డాక నిరుద్యోగ భృతి కొన్నాళ్ళు వచ్చి ఆగిపోయింది. పింఛను రావడానికి ఇంకా తొమ్మిదేళ్ళుంది. చేతి పనితనానికి జీతం తీసుకున్న మనిషి ఇప్పుడు చేతకానితనానికి తీసుకుంటోంది. మధ్యాహ్నమంతా పడితే ముప్ఫై యూరోలు.

గొర్రెలకాపరి గేమ్‌ను అన్సెల్ము అనే అతను పదకొండేళ్ళుగా చేస్తున్నాడు. మిగతా గేముల్లో బటన్ నొక్కితే మనిషి నడుస్తాడు. ఇందులో అలా కాదు. ఆడేవాళ్ళ నాలుగు వేళ్ళకు ముసలాడి రెండు కాళ్ళూ రెండు చేతులూ తలా ఒకటి అప్పగించాడు. ఒళ్ళు తడి కంబళిలా ఎటు బరువుంటే అటు జారుతుంది. కర్ర విసిరితే తోడేలుకు తగలొచ్చు, గొర్రెకు తగలొచ్చు, ఆ గొర్రె దొర్లి ఇంకో పది గొర్రెల్ని పడేయొచ్చు, అన్నీ కలిసి పోయి చర్చి గంటను మోగించొచ్చు. ఏం జరుగుతుందో చేసినవాడికే తెలియదు. మొదటి రోజు ఇదలీన కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. మిల్లు మూసేశాక ఆమె అలా నవ్వడం అదే మొదలు.

ఉత్తరాది దేశపు కంపెనీ ఒకటి ఈ గేమ్‌ను కొనడానికి ఒప్పుకుంది. ముందు జనం ఆడగలరో లేదో చూడాలంది. గేమ్ ఎప్పుడూ ముట్టుకోని కొత్త చేతులు రోజుకు ఆరు జతలు కావాలి, మనిషికి పాతిక యూరోలు ఇస్తామంది. ఆ డబ్బు అందుకునేవాడు బల్తజార్. అన్సెల్ముకు చోటూ కరెంటూ ఇచ్చి, అమ్మకంలో సగం వాటా రాయించుకున్న పెద్దమనిషి. ఆరుగుర్ని వెతికి తేవడమెందుకని ఒక్క ఇదలీనను తెచ్చి, ఆమెకు రోజుకు ఆరు పేర్లు పెట్టాడు. మిగిలిన డబ్బు ఏమైందో వీధిలో ఆగి ఉన్న అతని కొత్త కారును చూస్తే చాలు.

అన్సెల్ము పక్కగదిలోనే ఉంటాడు. ఆడేవాళ్ళ దగ్గరికి మాత్రం రాకూడదు. ఆ పనిలో అది కట్టుబాటు. ఎవరైనా తప్పు చేస్తుంటే చూస్తూ ఊరుకోలేక, "ఎడమ కాలు, ఎడమ కాలు!" అని అరిచేస్తాడు మరి. అందుకని తలుపు వేసుకుని, ఎవరు ఏ పలక మీద, ఎన్నో క్షణంలో పడ్డారో తన స్క్రీను మీద అంకెల్లో చూసుకుంటాడు. పేర్లు చదువుతాడు. మొహాలు చూడడు.

ఇదలీనకు ఆరో రోజునే కిటుకు దొరికింది. రఫూలో దారాన్ని లాగకూడదు. లాగితే గుడ్డ ముడుచుకుంటుంది. దారాన్ని వదిలి, అది పోయే దారిలో సూదిని పెట్టాలి. కాపరితోనూ అంతే. ముందు బరువును పోనిచ్చి, ఆనక కాలు మోపాలి. ఆ రోజే వంతెన దాటేసేది. మూడో పలక మీద ఉండగా బల్తజార్ మొదట్లో చెప్పిన మాట గుర్తొచ్చింది: "నువ్వు నేర్చుకున్న రోజున నీ పని అయిపోయినట్టే." అక్కడే చేతులు వదిలేసింది.

ఫిలొమేనగా సంతకం పెట్టిన రోజు సాయంత్రం పని ముగించుకుని, మలుపులో ఉన్న కాఫీ కొట్లో కూర్చుంది. పక్క బల్ల దగ్గర చెదిరిన గడ్డంతో ఒక మనిషి రొట్టె ముక్కను కాఫీలో నానబెట్టి, తినడం మర్చిపోయి చూస్తున్నాడు. ఇదలీన కళ్ళు ముందు అతని స్వెట్టర్ మోచేతి మీదికి పోయాయి. చిరుగు చూస్తే ఆమె చేతులు ఊరుకోవు.

"బాబూ, ఆ స్వెట్టర్ ఇటివ్వు. ఇంకో వారం వదిలేస్తే చెయ్యంతా ఊడొస్తుంది," అంది సంచిలోంచి సూది తీస్తూ.

అతను వింతగా చూశాడు గానీ విప్పి ఇచ్చాడు. ఆమె కుడుతుంటే కాసేపు ఊరుకుని, ఎవరితోనైనా చెప్పుకోకపోతే ఉండలేనన్నట్టు మొదలుపెట్టాడు. "నేను ఒక గేమ్ చేశానమ్మా. పదకొండేళ్ళు పట్టింది. మొన్నటిదాకా బాగుందనే అనుకున్నా."

ఇదలీన సూది ఆగింది. "మరిప్పుడేమైంది?"

"ఇన్ని వందల మంది ఆడారు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు వంతెన దాటలేదు. అందరూ మూడో పలక మీదే పడుతున్నారు. అంతమంది తప్పవుతారా? నేనే తప్పు. పదకొండేళ్ళు రోజూ ఆడీ ఆడీ నా చేతులకు అలవాటైపోయింది. జనానికి అది నరకమని నాకు తెలియలేదు." అతను నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "రేపే ఆఖరు పరీక్ష. ఆరుగురు ఆడతారు. ఇద్దరు దాటినా చాలు, ఉన్నది ఉన్నట్టు ఉంచమంది కంపెనీ. లేకపోతే సాయంత్రం ఆరింటికల్లా, మార్చి చేసిన రెండోది పంపించేయాలి. అందులో ఒక్క బటన్ నొక్కితే చాలు, ముసలాడు సిపాయిలా నడిచేస్తాడు. పడడు. పడలేడు."

"ఆ నడిచేది నీకు నచ్చిందా?"

"చచ్చినవాణ్ణి లేపి నడిపిస్తున్నట్టుంటుందమ్మా," అన్నాడు.

'ఆ వందల మందీ నేనే నాయనా' అన్న మాట ఆమె గొంతుదాకా వచ్చింది. అక్కడే ఉండిపోయింది. దారం కొరికి స్వెట్టర్ చేతికిచ్చింది. అతను చిరుగు ఎక్కడుండేదో వెతుక్కున్నాడు, కనిపించలేదు. "మీ చేతుల్లో ఏదో ఉందమ్మా," అన్నాడు. ఆ మాటకు ఇదలీన సూదిని సంచిలో పడేసి లేచింది.

ఇంటికెళ్ళేసరికి మొగుడు ఫిర్మీను క్యాబేజీ సూపు కాచి ఉంచాడు. రంగుల ఖాతాలో పనిచేసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నవాడు. నాలుగడుగులేస్తే దగ్గు. పరాచికాలు మాత్రం తగ్గలేదు.

"ఇవాళ నా పెళ్ళాలెవరెవరే?" అన్నాడు రోజూ అడిగినట్టే.

ఈ రోజు ఆమె నవ్వలేదు. జరిగింది చెప్పింది.

"రేపు ఆరుసార్లూ పడితే?"

"నడిచే ముసలాణ్ణి మొదట్నించీ పరీక్షించాలట. ఇంకో ఏడాది పని ఉంటుందన్నాడు బల్తజార్. ఆ అబ్బాయి పదకొండేళ్ళు మాత్రం మట్టిలో కలిసినట్టే."

"పడకపోతే?"

"ఎల్లుండి నుంచి ఇంట్లో ఉంటాను."

ఇంటద్దె నెలకు రెండువందల ఎనభై యూరోలు. పీల్చే మందు ఇరవై రోజులకొకటి. అవి ఇద్దరికీ తెలిసినవే కాబట్టి ఎవరూ పైకి అనలేదు. ఫిర్మీను సూపులో చెంచా తిప్పుతూ, "నన్నడక్కే. నేనేం చెప్పినా నా దగ్గు చెప్పినట్టే ఉంటుంది," అన్నాడు.

మర్నాడు బల్తజార్ హుషారుగా ఉన్నాడు. తలుపు దగ్గరే గొంతు తగ్గించి, "ఆరుకు ఆరూ పడాలి. తెలిసిందిగా? మూడో పలక దాటకు. ఈసారి నీకు పైన ఇంకో పది యూరోలిస్తా," అన్నాడు.

మొదటి నాలుగు పేర్లకూ ఇదలీన పడింది. పడిన ప్రతిసారీ గోడవతల కుర్చీ కిర్రుమంది. నాలుగోసారి ఆ చప్పుడు కూడా రాలేదు. అన్సెల్ము కదలడం మానేశాడని ఆమెకు అర్థమైంది. మిల్లు మూసేస్తున్నామని చెప్పిన రోజు రఫూ ఖాతాలో పద్నాలుగు మందీ సరిగ్గా అలాగే కూర్చున్నారు.

"అయిదు. లుసిండా," అన్నాడు బల్తజార్.

ఆమె కంట్రోలర్ అందుకుంది. మొదటి పలక, రెండో పలక. మూడో పలక మీద ముసలాడు కుడికి వాలాడు. వేలు కదలబోయింది. ఈసారి ఇదలీన దాన్ని పట్టుకోలేదు. కాపరి ఊగి, తమాయించుకుని, కర్ర తిప్పాడు. తోడేలు గింగిరాలు కొట్టుకుంటూ లోయలో పడింది. నాలుగు, అయిదు, ఆరు. ముసలాడు తూలుతూ, తడబడుతూ అవతలి గట్టెక్కాడు.

"ఏయ్! ఏం చేస్తున్నావ్?" అన్నాడు బల్తజార్ పళ్ళ బిగువున.

"ఇది లుసిండా అయ్యగారూ. ఈవిడకు వచ్చినట్టుంది," అంది ఇదలీన. ఇంకొక్క పేరు మిగిలింది. ఆ పేరుతోనూ దాటేస్తే లెక్క సరిపోతుంది. పని ఎలాగూ పోతుంది, పోనీ. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేకుండా కాపరి బతుకుతాడు.

అప్పుడే రెండు గదుల మధ్య తలుపు దభాలున తెరుచుకుంది. నాలుగు నెలల్లో ఎన్నడూ తెరుచుకోని తలుపు. అన్సెల్ము పరుగున వచ్చాడు. సంతోషం పట్టలేక మొహం చిన్నపిల్లాడిలా ఉంది. "దాటారు! ఎవరు? లుసిండా గారెవరు?" అని చుట్టూ చూశాడు.

గదిలో బల్తజార్, ఇదలీన, ఒక కుర్చీ. అంతే.

"అమ్మా, మీరా!" అన్నాడు. మరుక్షణం బల్ల మీదున్న కాగితాలు కనబడ్డాయి. ఇందాకటి నాలుగు పేర్లు, నాలుగు సంతకాలు. "మిగతావాళ్ళేరీ? మెట్ల మీద ఎవరూ ఎదురు కూడా పడలేదే. అసలు నిన్నటి ఫిలొమేన గారంటూ ఉన్నారా?"

"నేనే బాబూ," అంది ఇదలీన లేచి నిలబడుతూ. "ఎర్మెలిండా నేనే. అందరూ నేనే. నాలుగు నెలల్నించీ. నాకు ఆరో రోజే వచ్చేసింది. పని పోతుందని పడుతూ వచ్చాను. నన్ను క్షమించు."

అన్సెల్ము ఆ నాలుగు కాగితాలనూ ఒక్కొక్కటే తిప్పి చూశాడు. కోపం వచ్చి అరిస్తే బాగుండుననిపించింది ఆమెకు. అతను అరవలేదు. "అంటే నా గేమ్ ఇంతవరకూ ఎవరూ ఆడలేదన్నమాట," అన్నాడు చివరికి.

"నేనాడానుగా," అంది. ఆ మాట ఎందుకూ పనికిరాదని ఆమెకే తెలిసింది.

బల్తజార్ కుదుటపడ్డాడు. అలాంటివాళ్ళు త్వరగా కుదుటపడతారు. "చూడు అన్సెల్ము, ఈ మాట గడప దాటిందా, కంపెనీ డబ్బంతా వెనక్కి లాక్కుంటుంది. గేమూ ఉండదు, నువ్వూ ఉండవు. ఆరుగురూ పడ్డారని రాద్దాం. నడిచేదాన్ని పంపు. ఈవిడ దాటడమేంటి, గాలివాటం. నాలుగు నెలలుగా చూస్తున్నా, ఈవిడకు చేతకాదు."

"ఆమె చేతులు నేను చూశాను," అన్నాడు అన్సెల్ము. ఇదలీన వైపు తిరిగి, "అమ్మా, ఇంకొక్కసారి ఆడండి. అంకెలొద్దు. ఈసారి నా కళ్ళతో చూస్తాను. దాటారంటే పాతదే పంపుతాను. ఏమైతే అదే అవుతుంది," అన్నాడు.

గోడ గడియారంలో ఆరవడానికి ఇరవై నిమిషాలుంది. ఇదలీన కూర్చుంది. అతను వెనక నిలబడి ఊపిరి బిగబట్టాడు. అతని ఊపిరి ఆగడం ఆమెకు మెడ మీద తెలిసింది. మొదటి పలక. రెండో పలక. బరువును పోనివ్వాలి, లాగకూడదు, లాగకూడదు అనుకుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఏ మేస్త్రీ ముందూ వణకని చేతులు ఇప్పుడు వణికాయి. మూడో పలక మీద ముసలాడు కుడికి వాలాడు. ఆమె లాగింది. కాపరి కర్రతో సహా లోయలోకి దొర్లిపోయాడు.

బల్తజార్ చిన్నగా నవ్వి, ఆరో కాగితం ముందుకు తోశాడు.

"అమ్మా," అన్నాడు అన్సెల్ము. "ఇది కావాలని పడ్డారా?"

"లేదు బాబూ. నిజంగానే పడ్డాను."

అతను ఆమె మొహంలోకి చూశాడు. నాలుగు నెలలు గోడవతల కూర్చుని, ఆమె పడిన ప్రతిసారీ నమ్మినవాడు, ఈ ఒక్కసారి మాత్రం నమ్మలేక మళ్ళీ అదే ప్రశ్న అడిగాడు.