రాణిగారి గొంతు

రూతు టీచరు ఆ సాయంత్రం ఒక నిర్ణయానికి వచ్చింది. నాటకంలో రాణి పద్యానికి జనం వన్స్‌మోర్ అంటే తను మళ్ళీ పాడదు. ఒక్కసారి పాడి ఊరుకుంటుంది. ఆ తర్వాత నింద ఎవరి మీద పడినా తనే మోస్తుంది.

ఈ పీకులాట ఎలా తగులుకుందో చెప్పాలి. తొంభై ఎనిమిదిలో బెజవాడలోని ఒక కళాసమితి వారికి బడిపిల్లల చేత పద్యనాటకాలు ఆడించాలన్న బుద్ధి పుట్టింది. బడికో నాటకం ఇచ్చారు. వేషాలు పిల్లలే కట్టాలి, పద్యాలు పిల్లలే పాడాలి, పేటలోని అమ్మానాన్నలు వంతపాటకు రావాలి. పటమటలో రూతు పనిచేసే బడికి, కరకట్ట తెగితే కృష్ణమ్మను వేడుకునే ఒక రాణి కథ వచ్చింది. రాణి వేషం తొమ్మిదో తరగతి ఇల్మాది. బెంజ్ సర్కిల్లో ఫ్యాన్ల షాపున్న జాకీర్ గారి అమ్మాయి కాబట్టి ఇచ్చారని కొందరు మూతులు విరిచారు గానీ అది అన్యాయం. ఆ పిల్ల నడిచొస్తుంటే వెనక బెంచీ వెధవలు సైతం నోళ్ళు మూసుకునేవారు. చిక్కల్లా శ్రుతితోనే. పద్యం సగానికొచ్చేసరికి గొంతు ఎటో వెళ్ళిపోయేది. చర్చిలో ఎందరి గొంతులనో దారికి తెచ్చిన రూతు, దీన్నీ తేగలననే ధీమాతో రోజూ సాధన చేయించింది. కొంచెం కొంచెంగా దారికి వస్తోంది కూడా.

తీరా బడిలో మొదటి ప్రదర్శన నాడు ఇల్మాకు జలుబు చేసి గొంతు మూగబోయింది.

"ఈ ఒక్కరోజుకీ మీరు లోపల్నించి పాడెయ్యండి టీచరుగారూ. పిల్ల పెదాలు కదుపుద్ది" అన్నారు హెడ్మాస్టరు తిరుపతిరావు గారు.

పద్యనాటకంలో హార్మోనియం జనానికి కనబడేట్టు వేదిక పక్కనే ఉంటుంది. శ్రుతి అందుకోవాలంటే పాడేవాళ్ళూ వాయించేవాళ్ళూ ఒకరినొకరు చూసుకోవాలి మరి. ఆ రోజు దాన్ని పక్కతెర చాటుకు జరిపారు. రూతు తనే వాయిస్తూ పాడింది. జనం వన్స్‌మోర్ అన్నారు, మళ్ళీ పాడింది. వన్స్‌మోర్ అన్నాక పాడకపోతే పద్యనాటకంలో అంతకు మించిన అమర్యాద లేదు. జాకీర్ గారు కళ్ళు తుడుచుకుంటూ వేదికెక్కి కూతురి మెడలో దండ వేశారు. ఆ మనిషి సంతోషం చూశాక నిజం చెప్పడానికి ఎవరికి నోరొస్తుంది?

ఆ ఒక్కరోజు కాస్తా ఏడాది పొడుగునా సాగింది. కంకిపాడు, గుడివాడ, కొండపల్లి, ఎక్కడికెళ్ళినా హార్మోనియం తెర చాటునే. ఇల్మా జలుబు తగ్గింది గానీ ఆ పిల్ల గొంతు ఇక ఎవరికీ అక్కర్లేకపోయింది. రూతు ఒకటి రెండుసార్లు హెడ్మాస్టరును కదిపి చూసింది.

"ఇప్పుడు బయటపడితే బడి పరువేం కానమ్మా? ఆ జాకీర్ గారి మొహం మీరు చూడగలరా?" అన్నారాయన.

చూడలేననిపించింది. అదే ఆమె సంకెల. మింగలేక, కక్కలేక తిరిగింది. ఆదివారం చర్చిలో పాడుతున్నా ఏదో దొంగిలిస్తున్నట్టే ఉండేది. సాధనకు రమ్మంటే ఇల్మా, "ఎందుకు టీచర్, మీరున్నారుగా" అంది ఒకరోజు. కోపంగా అన్నా బాగుండేది. మామూలుగా అంది.

ఈ రోజు బెజవాడలో ఆఖరి ప్రదర్శన, బడులన్నిటి మధ్య పోటీ. ఇందులో నెగ్గిన పిల్లను వచ్చే ఏడాది జిల్లాలోని బడులన్నిటికీ తిప్పి, పద్యమంటే ఇలా పాడాలని చూపిస్తారట. అంటే రూతు కూడా వెనకాలే తిరగాలి, తెర చాటున. ఆ మాట చెవిన పడ్డాకే ఆమె గుండె రాయి చేసుకుంది.

రాణి పద్యం అయింది. హాలు హోరెత్తింది. వన్స్‌మోర్, వన్స్‌మోర్. ముందు వరసలో లేచి నిలబడి అరుస్తున్నది జాకీర్ గారే. రూతు హార్మోనియం మీద నుంచి చేతులు తీసేసి ఒళ్ళో పెట్టుకుంది.

హోరు మెల్లగా అణిగింది. జనం ఎదురుచూస్తున్నారు. ఇల్మా నిశ్చలంగా నిలబడి, మెల్లగా తల తిప్పి తెర వైపు చూసింది. నేరుగా రూతు కళ్ళల్లోకి. పదమూడు పద్నాలుగేళ్ళ పిల్ల, తండ్రి ముందు, అంత జనం ముందు, ఒంటరిగా. పట్టుదలా లేదు, నిర్ణయమూ లేదు. రూతు చేతులు వాటంతటవే హార్మోనియం మెట్ల మీదికి వెళ్ళాయి. పద్యం ఎత్తుకుంది. ఏడాదిలో ఎన్నడూ అంత బాగా పాడలేదు. ఇల్మా పెదాలు ఒక్క క్షణం ఆలస్యంగా కదిలాయి.

ఇల్మాయే నెగ్గిందని మైకులో చెప్పారు. చప్పట్లు సద్దుమణిగాక ఆ పిల్ల తెర చాటుకు వచ్చింది.

"ఎందుకు పాడారు టీచర్?"

"నువ్వు నా వైపు చూశావు కదమ్మా. పాడమని అడుగుతున్నావనుకున్నాను."

"మీరు ఆగారుగా. ఇక నన్నే పాడమంటున్నారని అర్థమైంది" అంది ఇల్మా. "శ్రుతి ఇమ్మని చూశాను టీచర్."